గెడ్డ గట్టు బాట: విశాఖలో ఒక నడక, సైకిల్ దారిని ఎలా ప్లాన్ చేశాం

కొండల మీద పడిన వాన నీటిని కిందికి మోసుకొచ్చే వాగును మా విశాఖలో గెడ్డ అంటాం. మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ పేరులో ఉన్నది ఆ గెడ్డే. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండలు, తూర్పున సముద్రం ఉన్న ఊరు కాబట్టి ఏ పేటలో నడిచినా ఎక్కడో ఒకచోట గెడ్డ తగులుతుంది. ఏడాదిలో చాలా నెలలు అందులో పారేది వాన నీరు కాదు, ఇళ్ళ మురుగు. అందుకే గెడ్డ పక్కన ఇళ్ళన్నీ అటు వైపు గోడ కట్టుకుని ఉంటాయి. ఆ గోడలకు బాత్రూమ్ వెంటిలేటర్ తప్ప కిటికీ కనిపించదు.

ఈ కేసు అలాంటి ఒక గెడ్డ గట్టుది. జాతీయ రహదారి 16 దగ్గర మొదలై బీచ్ రోడ్డు దాకా, రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆ గట్టు మీద నడవడానికి, సైకిల్ తొక్కడానికి చెట్ల నీడలో ఒక దారి కావాలని చుట్టుపక్కల కాలనీల సంక్షేమ సంఘాలు కలిసి అనుకున్నాయి. మొదటి సర్వే నుంచి చివరి మొక్క నాటేదాకా ప్లానర్‌గా నేను అందులో ఉన్నాను. కాలనీ పేరు, గెడ్డ పేరు రాయడం లేదు. ఇందులో అక్కడి మనుషుల మాటలు ఉన్నాయి, వాళ్ళను ఎవరూ గుర్తుపట్టకూడదు. కాగితాల మీద దాన్ని గ్రీన్‌వే అని రాశాం. అక్కడివాళ్ళు గట్టు బాట అంటారు. నాకూ అదే నచ్చింది.

మొదటి లెక్క

ఏ దారి ప్లాన్ చేసినా ముందు అక్కడ ఎంతమంది నడుస్తారో లెక్క తీస్తాం. మా దగ్గర డబ్బు లేదు, సంఘం వాళ్ళే వాలంటీర్లను ఇచ్చారు. అందరూ రోజూ పొద్దున్నే నడిచే అలవాటున్నవాళ్ళు. ఒక ఆదివారం, ఒక బుధవారం, తెల్లవారి 5:30 నుంచి 8 దాకా గట్టుకు రెండు చివర్లా కుర్చీ వేసుకుని కూర్చుని గీతలు గీశారు. వచ్చిన లెక్క చూస్తే వాకింగ్ షూస్ వేసుకున్న పెద్దవాళ్ళు, కొందరు జాగింగ్ చేసే కుర్రాళ్ళు, గేర్ సైకిళ్ళ మీద నలుగురైదుగురు. ఎనిమిది దాటాక గట్టు ఖాళీ అని వాలంటీర్లు చెప్పారు. అది వాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయే వేళ.

ఆ లెక్కతోనే నేను మొదటి ప్లాన్ గీశాను. మూడు మీటర్ల వెడల్పు పేవర్ బ్లాకుల ట్రాక్, రెండు చివర్లా గేట్లు, మధ్యలో ఓపెన్ జిమ్, బెంచీలు. గట్టు పొడవునా ప్రహరీల్లో ఉన్న కంతలన్నీ మూసేసి కంచె. సంఘం హాల్లో ఆదివారం పది గంటలకు చూపించాం, అందరికీ నచ్చింది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు కదా, పైన సోలార్ ప్యానెళ్ళ కప్పుతో. మనకూ అలాంటి కప్పు పెట్టలేమా అని ఒకాయన అడిగారు. అది సరదాగా, వ్యాయామానికి దూరం తొక్కేవాళ్ళ కోసం వేసింది, ఇది పేటల మధ్య దారి అని చెప్పాను. ఆ మాట నేనే అన్నాను కానీ నా ప్లాన్ మాత్రం పేటల మధ్య దారిలా లేదు. అది పొడవాటి పార్కులా ఉంది.

తప్పు తెలిసింది ఆ తర్వాత వారం. పదిన్నర ఎండలో సర్వేయర్, నేను టేపు పట్టుకుని గట్టు వెడల్పు కొలుస్తున్నాం. నెత్తిన చేపల గంపతో ఒక పెద్దావిడ మా ముందుకొచ్చి ఆగింది.

"ఏటమ్మా, ఎండలో టేపు పట్టుకుని తిరుగుతున్నారు? ఇళ్ళు పీకేత్తారేటి?"

"లేదమ్మా, నడవడానికి దారి వేస్తాం."

"దారుంది కదమ్మా. మరి మేం నడుత్తన్నదేటి?"

గంప దించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. కాసేపు కూర్చుంది. మేం పొద్దున్న లెక్కపెట్టాం కానీ మీరెవరూ కనపడలేదని చెప్పాను. "తెల్లారగట్ల మేం హార్బరు కాడుంటాం కదా. సరుకు కొనుక్కుని ఇటొచ్చేసరికి తొమ్మిదిన్నర" అంది. గంప మళ్ళీ ఎత్తుకుని పదడుగులు నడిచి, ప్రహరీలో విరిగిన చోట నుంచి సందులోకి దిగిపోయింది. నా ప్లాన్‌లో మూసేస్తానని గీసిన కంతల్లో అదొకటి.

రెండో లెక్క

సంఘం వాళ్ళకు విషయం చెప్పి, మళ్ళీ లెక్క తీస్తామని ఒప్పించాను. వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు, అది వాళ్ళ మంచితనం. ఈసారి కాలేజీ విద్యార్థులు. తెల్లవారి 5 నుంచి రాత్రి 9 దాకా, షిఫ్టులుగా, రెండు చివర్లతో పాటు మధ్యలో కూడా మనిషిని పెట్టి. పనిరోజు ఒకటి, ఆదివారం ఒకటి, వాన పడిన రోజు ఒకటి. ఫారంలో ఆడా మగా, సుమారు వయసు, నడకా సైకిలా అనేవి మామూలే. నేను మూడు గళ్ళు అదనంగా కలిపాను: ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు, చేతిలో గానీ నెత్తిన గానీ ఏముంది. ఈ పని చేసే ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఆ మూడు గళ్ళ గురించే.

పొద్దున్న వాకర్స్ వెళ్ళిపోయాక ఆ గట్టు ఖాళీగా ఉండదని మొదటి రోజే అర్థమైంది. ఆరున్నర నుంచి తొమ్మిది దాకా హైవే అవతల కొండవాలు ఇళ్ళ నుంచి పనికి వచ్చే ఆడవాళ్ళు. ఎనిమిదింబావుకు బడి పిల్లలు, ముగ్గురు నలుగురు కలిసి, బ్యాగులతో గట్టు వెడల్పంతా పరుచుకుని నడుస్తారు. తొమ్మిదిన్నర నుంచి చేపలు, ఆకుకూరలు. మధ్యాహ్నం రెండున్నరకు ఒక ఇంట్లో పని ముగించుకుని ఇంకో ఇంటికి వెళ్ళేవాళ్ళు. సాయంత్రం మళ్ళీ పిల్లలు. చీకటి పడ్డాక పనివాళ్ళ తిరుగు ప్రయాణం, చేతిలో టిఫిన్ డబ్బా, సెల్‌ఫోన్ లైటు. సైకిళ్ళు కూడా మొదట అనుకున్నవి కావు. వాచ్‌మన్‌ల సైకిళ్ళు, తాపీ మేస్త్రీల సైకిళ్ళు, వెనక కేరియర్‌కు క్యాన్ కట్టిన సైకిళ్ళు. గేర్ సైకిళ్ళ కంటే ఇవే ఎక్కువ. పొద్దున్న వాకింగ్‌కు వచ్చినవాళ్ళకంటే మిగతా రోజంతా నడిచినవాళ్ళే ఎక్కువని మూడు రోజుల లెక్కా ఒకేలా చెప్పింది.

ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు అన్న గళ్ళు కలిపి చూసుకుంటే ఇంకొకటి బయటపడింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచేవాళ్ళు వాకర్స్ ఒక్కరే. మిగతావాళ్ళు ఒక సందులోంచి ఎక్కి, రెండు మూడు సందులు దాటి దిగిపోతారు. అలా ఎక్కే దిగే చోట్లు పదకొండు. కొన్ని విరిగిన గోడలు, కొన్ని ఎవరో సిమెంటు బస్తాలు పేర్చి చేసుకున్న మెట్లు. వాటిని మూసేస్తే వాళ్ళ దారి పోతుంది. దాని మీద మనం ఎంత అందమైన ట్రాక్ వేసినా వాళ్ళు మళ్ళీ మెయిన్ రోడ్డు అంచున, బస్సుల పక్కన నడవాలి.

వీళ్ళలో ఒక్కరూ మా మీటింగుకు రాలేదు. ఆదివారం పది గంటలు అంటే ఇళ్ళల్లో పని ఎక్కువగా ఉండే వేళ. అందుకని మీటింగులను వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాం. ఒకటి మధ్యాహ్నం రెండున్నరకు గట్టు మీదే, ఒకటి రాత్రి ఎనిమిదిన్నరకు కొండ కింద రావిచెట్టు దగ్గర. ప్లాన్ కాగితం చదవడం చాలామందికి అలవాటు ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. సున్నంతో నేల మీద గీత గీసి, "వెడల్పు ఇంత, ఇక్కడ మెట్లు, ఇక్కడ లైటు" అని నడిచి చూపించాం. "మెట్లొద్దమ్మా, ఏటవాలుగా చెయ్యండి, గంపెత్తుకుని మెట్లు దిగితే మోకాళ్ళు పట్టేత్తాయి" అన్నది అలా వచ్చిన మాటే. వీల్‌చెయిర్ కోసం 12 అడుగుల పొడవుకు 1 అడుగు ఎత్తు మించని ర్యాంపు పెట్టాలని నేను నిబంధనల్లో చదువుకున్నాను. అది గంపకూ సైకిల్‌కూ పిల్లల బండికీ పనికొస్తుందని వాళ్ళు చెప్పాక, దాన్ని పదకొండు చోట్లా పెట్టాలని పట్టుబట్టడం నాకు తేలికైంది. చోటున్న దగ్గర సైకిల్ కోసం వాలు ఇంకా తగ్గించి 20కి 1 చేశాం.

అదే రావిచెట్టు కింద ఒక కుర్రాడు, "ఈ రోజుల్లో అంత దూరం ఎవరు నడుస్తారండీ, బైకులున్నాయి కదా" అన్నాడు. పక్కనున్న మామ్మ ఊరుకోలేదు. "మరి ఆషాఢ పౌర్ణానికి అప్పన్న కొండ చుట్టూ నడిచేదెవర్రా?" అంది. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా లక్షలమంది చెప్పుల్లేకుండా నడుస్తారు. ఆ కుర్రాడూ ఆ ఏడాది నడిచాడట.

గేటు

ఈ ప్రాజెక్టులో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది డబ్బు కాదు, గేటు. రెండో ప్లాన్‌లో గేట్లు తీసేశాను. సంఘంలో పెద్దగొడవ అయింది. గేటు ఉండాలి, రాత్రి తొమ్మిదికి తాళం వేయాలి, పగలు కూడా పది నుంచి నాలుగు దాకా మూసేయాలి అన్నారు. రిటైరైన ఒక పెద్దాయన లేచి, "మేడమ్, మీరు బాట వేసి వెళ్ళిపోతారు. అర్ధరాత్రి తాగి గొడవ చేస్తుంటే పోలీసులకు ఫోన్ చేసేది నేను. మా ఆవిడ, నేను ఇద్దరమే ఉంటాం ఇంట్లో" అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు. ఇంటి వెనక అప్పటిదాకా మురికి కాలువ ఉంటే దొంగ కూడా రాడు. అక్కడ శుభ్రమైన దారి వేస్తే ఎవరైనా రావచ్చు. ఆ భయాన్ని పక్కన పెట్టి, నడవడం అందరి హక్కు అని ఉపన్యాసం ఇస్తే లాభం లేదు.

నాకు తెలిసిన ఉపాయం ఒకటే. మనిషి కన్ను పడే చోట తప్పుడు పనులు తగ్గుతాయి. ఆ గట్టు మీద ఒక్క ఇంటి కన్నూ పడదు, అన్నీ గోడలే. అందుకని గేటు సంగతి ఆపి, గోడల సంగతి ఎత్తాను. వెనక ప్రహరీకి ఒక చిన్న వాకిలి గానీ, పైన సగం జాలీ గానీ పెట్టుకోవడానికి ఎవరైనా ముందుకొస్తారా అని అడిగాను. మొదట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ పెద్దాయన భార్య ముందుకొచ్చారు. వెనక వాకిలి ఉంటే కూరలావిడ గుమ్మంలోకే వస్తుందని ఆవిడ లెక్క. ఆమె తర్వాత మరో ఆరిళ్ళు. సందు మొదట్లో ఎండలో నిలబడే ఇస్త్రీ బండిని గట్టు మీది చెట్టు కిందికి తెచ్చాం. టీ కొట్టు ఒకటి ఎప్పటినుంచో కల్వర్టు పక్కన ఉంది. మొదటి ప్లాన్‌లో దాన్ని లేపేయాలని ఉంది, రెండో ప్లాన్‌లో దానికి రెండు మీటర్ల చోటు గీసి ఇచ్చాం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం కూడా అలాంటివాళ్ళను ఉన్నపళంగా లేపేయడానికి వీల్లేదు. చట్టం సంగతి ఎలా ఉన్నా, పొద్దున్న నాలుగున్నరకు తెరిచి రాత్రి పదిదాకా ఉండే టీ కొట్టును మించిన కాపలా మనం జీతం ఇచ్చి పెట్టలేం.

చివరికి మూడు నెలలు గేటు లేకుండా చూద్దాం, ఏ గొడవ జరిగినా రాసిపెడదాం, ఆ తర్వాత మళ్ళీ కూర్చుందాం అన్న దగ్గర అందరం ఆగాం. పుస్తకం ఆ పెద్దాయన దగ్గరే పెట్టాం. మొదటి నెలలో కొన్ని రాతలు పడ్డాయి. సీసాలు పగలగొట్టడం, బైకులు తేవడం. లైట్లు వెలిగి, టీ కొట్టు దగ్గర జనం పెరిగాక తగ్గాయి. మూడు నెలల మీటింగుకు ఆయన పుస్తకం తెచ్చి టేబుల్ మీద పెట్టి, "గేటు వద్దులెండి, కానీ బైకుల సంగతి చూడండి" అన్నారు.

బైకుల సంగతి పూర్తిగా తేలలేదు. మొదట్లో అడ్డు స్తంభాలు పాతాం. వీల్‌చెయిర్ దూరేంత సందు వదిలితే బైకు కూడా దూరుతుంది. బైకు దూరకుండా దగ్గర చేస్తే వీల్‌చెయిర్ ఆగిపోతుంది, క్యాన్లు కట్టిన సైకిల్ ఆగిపోతుంది. ఇది డిజైన్‌లో తెలివితో దాటగలిగేది కాదు, వెడల్పులు రెండూ దాదాపు ఒకటే. మెలికలు తిరిగి దాటాల్సిన మలుపుల గేటు కూడా పెట్టి చూశాం. పాల సైకిల్ అతను దిగి, క్యాన్లు విప్పి, సైకిల్ ఎత్తి దాటించడం చూశాక మర్నాడే తీయించేశాను. కార్లు, ఆటోలు రాకుండా మధ్యలో ఒక్క స్తంభం ఉంచాం. బైకులను ఆపుతున్నది ఇప్పటికీ మనుషులే. గట్టు నిండా పిల్లలు నడిచే వేళ బైకు తెచ్చినవాడికి దారి దొరకదు, అందరూ అరుస్తారు.

ముందు మురుగు, తర్వాత బాట

పని వరుస గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మురుగు ఆపకుండా బాట వేయకండి. ఇంకోచోట నేను చూసిన ఒక నడక దారిని, వేసిన ఏడాది తిరగకుండానే పైపులైను కోసం పొడవునా తవ్వేశారు. మళ్ళీ పూడ్చింది మట్టితో. ఇక్కడ ముందు గెడ్డలోకి మురుగు వదిలే ప్రతి ఇంటి పైపునూ మ్యాపు మీద గుర్తు పెట్టాం. గట్టు కింద ఒక మురుగు పైపు వేసి అవన్నీ దానికి కలిపి, దాన్ని భూగర్భ డ్రైనేజీకి కలిపాక, ఒక వానాకాలం ఆగి, నేల కుంగాల్సినంత కుంగాక పైన బాట పని మొదలైంది. ఆ వానాకాలం అంతా "పని ఆగిపోయిందా మేడమ్" అని ఫోన్లు. ఆగడం కూడా పనిలో భాగమేనని ప్రతి ఒక్కరికీ చెప్పాను.

నీటి మట్టం కోసం పాత రికార్డుల కంటే అక్కడి గోడలే ఎక్కువ చెప్పాయి. ఏ వానకు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ప్రతి ఇంటివాళ్ళూ గోడ మీద చూపించారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పటి గుర్తే అన్నిటికంటే పైన ఉంటుందనుకున్నాను. ఆ రోజు గాలి చేసిన నష్టం ఎక్కువ. నీళ్ళు మాత్రం ఆ తర్వాత ఒక రాత్రి కురిసిన మామూలు వానకే ఇంకా పైకి వచ్చాయి, కల్వర్టులో పూడిక పేరుకుపోవడం వల్ల. బాటను అన్నిటికంటే పై గుర్తుకు ఒక అడుగు ఎత్తున పెట్టాం. కుదరని ఒక ముక్కలో మునగనిచ్చాం, వాన వెలిశాక చీపురుతో కడిగేసేలా గరుకు కాంక్రీటు వేశాం.

పూడిక అంటే గుర్తొచ్చింది. మా కొండల నుంచి వానకు ఎర్రమట్టి దిగుతుంది. వానలకు ముందు గెడ్డలోకి యంత్రం దింపి పూడిక తీయాలి, ఆ యంత్రం రావాల్సింది మన బాట మీదుగానే. నడకకు వేసే 60 మిల్లీమీటర్ల పేవర్ బ్లాకులు దాని బరువుకు మొదటి ఏడే నలిగిపోతాయి. అందుకే ఒక గట్టు మీద 150 మిల్లీమీటర్ల కాంక్రీటు వేశాం. సైకిల్‌కూ అదే హాయి, బ్లాకుల మధ్య గీతల మీద చక్రం దడదడలాడదు. అవతలి గట్టును మట్టి దారిగా, చెట్లకు వదిలేశాం. మొదటి ప్లాన్‌లో ఈ యంత్రం సంగతే లేదు. పూడిక తీయించే వర్క్ ఇన్‌స్పెక్టర్‌తో ఒక పూట గట్టు మీద నడిస్తే తెలిసింది.

వెడల్పు విషయంలో పట్టుదల పెట్టుకోలేదు. గట్టు కొన్నిచోట్ల ఆరు మీటర్లు ఉంది, అక్కడ నడకకూ సైకిల్‌కూ వేరువేరుగా ఇచ్చాం. ఒకచోట 2.2 మీటర్లే ఉంది, అక్కడ అందరూ కలిసి నడవాల్సిందే. నడక దారికి అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని, రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది, ఆ కొలత కంటే ఎక్కడా తగ్గలేదు. ఆ ఇరుకులో స్పీడు కుదరదని గేర్ సైకిళ్ళ కుర్రాళ్ళు బాధపడ్డారు. ఆర్కే బీచ్ రోడ్డులో పొద్దున్నే వాహనాలు ఆపి నడిచేవాళ్ళకు, తొక్కేవాళ్ళకు వదులుతున్నారు, స్పీడు అక్కడ చూసుకోమన్నాను. బాటకు అడ్డంగా నీళ్ళు జారేందుకు నూటికి రెండు వాలు ఇచ్చాం, మూడు మీటర్ల వెడల్పుకు ఆరు సెంటీమీటర్లు. ఆ నీళ్ళు గెడ్డలోకి కాకుండా చెట్ల పాదుల్లోకి పోయేలా. కాలువ మూతల ఇనప కడ్డీలు సైకిల్ నడిచే దిక్కుకు అడ్డంగా ఉండాలి. ఒకచోట నిలువుగా బిగించారు, ఒక పిల్లవాడి చక్రం ఇరుక్కుని పడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది. ఆ రోజు సాయంత్రమే తిప్పి బిగించారు కానీ, ముందు రోజు సైట్‌కు వెళ్ళిన నేను చూడాల్సింది.

చెట్లు, దీపాలు, తాబేళ్ళు

హుద్‌హుద్ నాడు నేనున్న వీధిలో నిద్రగన్నేరు చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి, చివర్న తాటిచెట్లు మాత్రం నిలబడ్డాయి. ఆ తర్వాత ఊరంతా త్వరగా పచ్చబడాలని ఏడాకులపాల మొక్కలు చాలా నాటారు. అది చకచకా పెరుగుతుంది, నిజమే. చలికాలం మొదలవుతుంటే పూస్తుంది, ఆ ఘాటు వాసనకు ఊపిరాడటం లేదని జనం ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. కోనోకార్పస్ కూడా అలాంటి తొందర మొక్కే, గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దని ఆదేశాలిచ్చింది. మేం రెండూ వద్దనుకున్నాం. కానుగ, వేప, నేరేడు, సముద్రం దగ్గరయ్యేకొద్దీ పొన్న. నీడ రావడానికి ఆలస్యమవుతుంది. మధ్యాహ్నం నడిచేవాళ్ళకు ఆ ఆలస్యం చిన్న విషయం కాదు, అందుకని రెండేళ్ళపాటు నాలుగుచోట్ల తాటాకు పందిళ్ళు వేశాం. ఉన్న చెట్టు ఒక్కటీ కొట్టకుండా, పెద్ద వేపచెట్టు దగ్గర బాటనే వంచాం.

ఉప్పుగాలి గురించి విశాఖవాళ్ళకు చెప్పక్కర్లేదు. మామూలు ఇనప రెయిలింగు ఇక్కడ ఎంత రంగు వేసినా పొట్టు పొట్టుగా లేచిపోతుంది. గెడ్డ అంచున రాతి స్తంభాలు పాతి, మధ్యలో గాల్వనైజ్డ్ పైపు పెట్టాం. పైపు పోతే పైపు ఒక్కటే మార్చుకోవచ్చు.

దీపాల కోసం రాత్రి ఎనిమిదికి పనివాళ్ళతో కలిసి నడిచాను. ఎక్కడ అడుగు వేగం పెరుగుతుందో అక్కడ సున్నంతో గుర్తు పెట్టాం. వేగం పెరిగిందంటే అక్కడ భయం ఉన్నట్టు. రెండు కల్వర్టుల కింద, ఒక ఎత్తు గోడ పక్కన. మొదటి దీపాలు అక్కడే. బీచ్ రోడ్డు వైపు చివరి ముక్కలో మాత్రం లెక్క తిరగబడింది. మా తీరానికి చలికాలం చివర నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల వెలుతురున్న వైపు సముద్రం ఉందనుకుని పాకుతుంది. మన దీపం సముద్రం వైపు కనిపిస్తే అది రోడ్డు మీదికి వస్తుంది. అందుకని అక్కడ మోకాలి ఎత్తు దీపాలు, వెలుగు కిందికే పడేలా మూతలతో. ఆ ముక్క ఎలాగూ తీరప్రాంత నియంత్రణ మండలంలోకి (సీఆర్‌జెడ్) వస్తుంది, అనుమతులు తీసుకున్నాం, కాంక్రీటు మానేసి గట్టి మట్టి దారి వేశాం.

నిర్వహణ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఊడ్చే పని వార్డు పారిశుద్ధ్య సిబ్బంది చూస్తారు, మొక్కలకు నీళ్ళు డ్వాక్రా సంఘం వాళ్ళు పోస్తారు. వాళ్ళకు నెలనెలా డబ్బు ఇవ్వాలని మొదటి ఎస్టిమేట్‌లోనే రాశాం. ఆ వరుస కొట్టేయమని అడిగినప్పుడు బెంచీలు తగ్గించి ఆ వరుస నిలబెట్టాం.

హైవే

బాట ఎగువ చివర, హైవే అంచున ఆగిపోయింది. అవతల కొండవాలు ఇళ్ళు, రోజూ ఈ గట్టును అందరికంటే ఎక్కువ వాడేవాళ్ళు ఉండేది అక్కడే. గెడ్డ హైవే కింద కల్వర్టులోంచి వస్తుంది. దాంట్లోంచే బాట తెద్దామనుకున్నాం. మనిషి వంగకుండా నడిచే ఎత్తు లేదు, వానకు నిండిపోతుంది. ఫుట్ ఓవర్ బ్రిడ్జి అడిగేవాళ్ళు ఉన్నారు. నెత్తిన గంపతో, చంకలో పిల్లతో మెట్లెక్కి దిగమని నేను ఎవరికీ చెప్పలేను. ఎక్కరని కూడా తెలుసు. నేల మీదే, సిగ్నల్‌తో, మధ్యలో డివైడర్ దగ్గర ఆగడానికి చోటుతో దాటే దారి కావాలని నా వాదన. అది మా చేతుల్లో లేని రోడ్డు, అనుమతి ఇంకా రాలేదు. దాన్ని మొదటి రోజు నుంచే అడగాల్సింది. బాట పూర్తయ్యాక అడుగుదామనుకోవడం నా తప్పు, పనికి వచ్చే ఆడవాళ్ళు అందుకు రోజూ రెండుసార్లు మూల్యం చెల్లిస్తున్నారు.

పోయిన నెల చేపలావిడ టీ కొట్టు దగ్గర కనపడింది. గంప దించుకునేందుకు నడుము ఎత్తున ఒక రాతి గట్టు కట్టించాం, దాని మీద గంప పెట్టి టీ తాగుతోంది. ర్యాంపు బాగుందా అని అడిగాను. "ఇటు బాగానే ఉంది. మా కోడలు కొండ మీద నుంచి వత్తాది కదా, ఆ రోడ్డు కాడ దానికి శానాసేపు పడతాది" అంది.

వచ్చే సోమవారం నుంచి మూడు రోజులు, పొద్దున్న ఆరున్నరకు, డివైడర్ సందు దగ్గర మళ్ళీ లెక్క మొదలుపెడుతున్నాం. ఫారంలో కొత్త గడి ఒకటి కలిపాం: రోడ్డు దాటడానికి ఎన్ని సెకన్లు ఆగారు.